కొర్రమీను తోక

పోయినేడాది ఆషాఢం మూడో గురువారం, పొద్దున ఐదు గంటల ఇరవై నిమిషాలకు, మా అర మీద కొర్రమీను తోక లేదు. పక్క మంచం మీద మా ఆయన లేడు. గంట ఇంత కచ్చితంగా ఎట్లా గుర్తుందంటే, లేవగానే గడియారం చూడటం నాకు అలవాటు. అక్షరాలు నలభై ఆరేళ్లకు వచ్చాయి గానీ గడియారం ఇరవైకే వచ్చింది. రాతి షెడ్డులో పని. గేటు ఒకసారి మూస్తే మళ్లీ తెరిచేవాళ్లు కాదు. ఆ గురువారం ఎనిమిది గంటలకు మా ఆయన్ని అంబర్‌పేట్ అవతల కంటి దవాఖానాలో ఆపరేషన్‌కు చేర్చాలి. ఆయనకు ఉన్నది ఒక్క కన్ను. ఆ కంటికే ఆపరేషన్.

ఏడాది గడిచాక ఇప్పుడు రాయడానికి కారణం ఇంటి రంగులు. దసరా లోపల వేయించాలని కోడలు పట్టుబట్టింది. నిన్న అర ఖాళీ చేస్తుంటే, తోక ఆనించి ఉండే చోట గోడకు పాత రంగు తోక ఆకారంలోనే మిగిలి కనిపించింది. చుట్టూ అంతా పొగచూరి, అదొక్కటే కొత్తగా. రంగు వేసే మనిషి బ్రష్షు ఒకసారి అటూ ఇటూ తిప్పితే అది పోతుంది. రాయడం వచ్చినదాన్ని కాబట్టి పోయేలోపు రాస్తున్నాను.

తోక అంటే నిజం చేపది కాదు, రాతి ముక్క. ముందు మిగతా రాళ్ల సంగతి చెప్పాలి. మాది నాచారం. పెళ్లయిన కొత్తలో నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, ఇక్కడి కార్ఖానాల వెనక ఒక గ్రానైట్ షెడ్డులో కుదిరాం. ఆయన కోత మిషను మీద, నేను నీళ్ల దగ్గర. నీళ్ల పనే కదా అని చిన్నచూపు చూడొద్దు. బ్లేడు తిరుగుతున్నంతసేపూ నీళ్లు పడాలి, లేకపోతే బ్లేడు కాలుతుంది, దుమ్ము మనిషి లోపలికి పోతుంది. కోయకముందు పలకంతా మగ్గుతో తడపాలి. ఎండిన రాయి మొద్దు ముఖం వేసుకుని ఉంటుంది, ఏ రాయి చూసినా ఒకటే బూడిద. నీళ్లు పడితే లోపల ఉన్నదంతా పైకి వస్తుంది. నల్ల చారలు, తెల్ల మచ్చలు, ఎర్రటి జీరలు. చూసే కన్ను ఉంటే వాటిలో కోడి ఉంటుంది, కాకి ఉంటుంది, ముడుచుకుని పడుకున్న కుక్క ఉంటుంది. అట్లాంటిదాన్ని మేం జీవం పడ్డ రాయి అనేవాళ్లం. షెడ్డులో దానికో కట్టుబాటు ఉండేది. జీవం కనబడితే సుద్ద గీతను పక్కకు జరిపి, అది తెగకుండా చూడాలి. ఆ ముక్క మొదట చూసినవాళ్లది. చూడకుండా కోస్తే తప్పు లేదు. చూసి కోస్తే ఉంది.

అట్లా మా అర మీద పదకొండు రాళ్లు చేరాయి. తొమ్మిది నేను చూసినవి, రెండు ఆయన చూసినవి. ఆయనను అడిగితే ఈ లెక్క తలకిందులుగా చెబుతాడు. ఒక కోడిపెట్ట, దాని కింద మూడు తెల్ల చుక్కలు, అవి పిల్లలు. ఒక కాకి. ఒక బల్లి, అది ఎంత బల్లిలా ఉంటుందంటే మా కోడలు కాపురానికి వచ్చిన మొదటి వారం దాన్ని రెండుసార్లు చీపురుతో కొట్టింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆయన వాటిని తడిపి చూపించేవాడు. చాయ్ తరవాత ఇవ్వమనేవాడు, ముందు రాళ్లు. చూసినవాళ్లు ఊరుకుంటారా, ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. పక్కింట్లో అద్దెకుండే భీమవరం ఆవిడకు పదకొండింటిలోనూ రొయ్యలే కనిపించాయి. "ఇది కూడా రొయ్యేనండి పిన్నిగారూ, మీసాలు చూడండి" అని కాకిని పట్టుకుని అంటే, మా ఆయన ముఖం మాడ్చుకుని రాయి లోపల పెట్టేశాడు. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు.

పన్నెండోది కొర్రమీను తోక. దాన్ని ఎవరికీ తడిపి చూపించేవాడు కాదు. అర చివర, గోడకు ఆనించి ఉండేది.

ఆ గురువారానికి ఇరవై మూడేళ్ల కింద సంగతి అది. ఉప్పల్‌లో కొత్తగా కడుతున్న ఒక ఫంక్షన్ హాలుకు మెట్లు కోస్తున్నారు. షెడ్డు సేటు అప్పటికే సుద్ద గీత కొట్టించాడు. నేను నీళ్లు చల్లాను. చల్లగానే పలక అడ్డంగా నిండు కొర్రమీను. నల్లటి వీపు, పక్కల చారలు, గుండ్రటి తోక, తల మీద పాము తలలాంటి చదును. చెరువులోంచి అప్పుడే తీసి పరిచినట్టుంది. గీత సరిగ్గా దాని నడుము మీదుగా పోతోంది. "చేపున్నది, గీత జరపున్రి" అన్నాను. సేటు పక్కనే నిలబడి ఉన్నాడు. "మెట్టు కొలత చేపకు తెలుస్తదా నీకు తెలుస్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన నా ముఖం చూశాడు. నేను ఇంకో మాట అనలేదు. ఆయన మిషను నడిపాడు. చివరి జానెడు కోతలో పెచ్చు ఎగిరి ఎడమ కంట్లో పడింది.

కళ్లకు పెట్టుకునే అద్దాలు మెడకు వేలాడుతున్నాయి. నీటి తుంపరకు మసకబారుతున్నాయని దించాడు. తప్పు అద్దాలు దించడంలో ఉంది, చేపలో లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటే ఇంక ఫికర్ ఏముంది? నేను నీళ్లు చల్లకపోతే అది కనిపించేది కాదు, కనిపించకపోతే తప్పయ్యేది కాదని నేను. చూసి కోశానని ఆయన. ఈ రెండు మాటలూ మేం ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోలేదు. తల మెట్లకు పోయింది, మిగిలిన తోక ముక్క మా అర మీదికి వచ్చింది.

ఆ రోజు దవాఖానాలో ఒక కాగితం మీద నా వేలిముద్ర తీసుకున్నారు. మందులకేమో అనుకుని వేశాను. కన్ను తీసేయడానికి ఒప్పుకున్నట్టు అందులో ఉందని తెల్లారి తెలిసింది. తీయకపోతే రెండో కన్ను కూడా పోయేదట, వాళ్లు చేసింది సరైన పనే. కానీ నేను దేనికి వేలు పెట్టానో నాకు తెలియకపోవడం నాకు గుచ్చుకుంది. తరవాతి ఏడాది బస్తీలో సాయంత్రం బడి పెడితే వెళ్లి కూర్చున్నాను. నా మోకాళ్లు ఆ చిన్న బల్ల కింద పట్టేవి కావు. టీచరమ్మ ఇంట్లో ఉన్న వస్తువుల గురించి రాయమంటే అందరూ గిన్నెలు, బొక్కెనలు రాశారు. నేను రాళ్లు రాశాను. ఏ రాయి ఏ జీవం, ఆ పలకలో మిగతా భాగం ఎక్కడికి పోయింది, లారీవాళ్లనీ మేస్త్రీలనీ అడిగి తెలుసుకున్నదంతా రాశాను. "మిగతాది ఎక్కడుందో ఎందుకమ్మా?" అంది టీచరమ్మ. "పిల్లను ఇచ్చినప్పుడు ఊరి పేరు యాదికి పెట్టుకోరా టీచర్?" అన్నాను. ఆమె కింద ఎర్ర సిరాతో టిక్కు పెట్టింది.

కుడి కంటికి శుక్లం వచ్చి చాలా ఏళ్లయింది. మా ఆయన చూపించుకోలేదు. కళ్లజోడు మురికి అనేవాడు, లైటు డిమ్ము అనేవాడు. ఎదురుగా వస్తున్న మనిషిని నడకను బట్టి గుర్తుపట్టే దాకా వచ్చాక కొడుకు బలవంతంగా తీసుకెళ్లాడు. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. "బాగా ముదిరిపోయిందమ్మా, రాయిలా గట్టిపడింది" అన్నాడు. "అట్లయితే నేనే కోసుకుంట సారూ" అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వి, నవ్వడం ఆపి, నాకు చెప్పాడు. ఉన్నది ఒక్క కన్ను, లోపలి పొర బలహీనంగా ఉంది, చూపు రావచ్చు, రాకపోతే ఇప్పుడున్న మసక కూడా పోవచ్చు. సంతకం కావాలన్నాడు. కొడుకు పెన్ను తీశాడు. నేను లాక్కుని కాగితం మొత్తం చదివాను. వేలు పెట్టుకుని, లైను లైనుకూ ఆగి, చదివాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. సంతకం పెట్టాను. వేలిముద్రయితే తెలియక వేశానని చెప్పుకోవచ్చు. సంతకానికి ఆ సందు లేదు.

కాబట్టి గురువారం పొద్దున మంచం ఖాళీగా కనిపించేసరికి ముందు దిండు ఎత్తి చూశాను. ఆయన ఫోను దిండు కిందే ఉంది. చెప్పులు లేవు, నీళ్ల సీసా లేదు, బజారు సంచి లేదు. షుగరు మనిషి, ఆపరేషన్ అని రాత్రి కూడా సరిగ్గా తినలేదు. కొడుకు బండి తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "భయపడి పారిపోయిండు. అత్త ఇంటికి పోయి దాక్కొని ఉంటడు" అన్నాడు. "నీ అయ్య కోత మిషన్‌కు భయపడలే, చాకుకు భయపడ్తడా? తోక తీసుకపోయిండు చూడు" అన్నాను. తోక తీసుకుపోయాడంటే తల దగ్గరికే పోయాడు. మరి తల ఎక్కడ? నాకు బాగా గుర్తే అనుకుని, ఏఎస్ రావు నగర్‌లో ఒక క్లినిక్ మెట్లకు పోయిందని చెప్పాను. కొడుకు బండి తీశాడు.

అరగంటకు ఫోను చేశాడు. క్లినిక్ షట్టరు మూసి ఉంది, మెట్ల మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. అప్పటికి ఆరు దాటింది. బయట బోనాల మైకు మొదలైంది, దాని హోరులో కొడుకు మాట సగం వినబడలేదు. నా లోపల ఏమేమో తిరుగుతున్నాయి. ఉప్పల్ చౌరస్తాలో బస్సులు, మెట్రో స్తంభాల చుట్టూ ఆటోలు, ఒంటి కన్ను మసకలో ఆయన. కోడలు వంటింట్లోంచి వచ్చి, "అత్తమ్మా, ఊకె యాది జేస్కునుడేంది, నువ్వు రాసిన బుక్కున్నది గదా, అండ్ల సూడరాదా?" అంది. నేను చదువుకున్నదాన్ననే సంగతి నాకు గుర్తు రాలేదు. తొందరలో మనిషి పాత బుద్ధికే పోతుంది. పెట్టె అడుగు నుంచి నోట్‌బుక్కు తీశాను. ఏఎస్ రావు నగర్ క్లినిక్‌కు పోయింది కాకి పలక. దాని కింద నా పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది: కొర్రమీను తోక. తల ఉప్పల్ ఫంక్షన్ హాలు. కింది నుంచి మూడో మెట్టు. కుడి దిక్కు. పక్కన ఎర్ర టిక్కు.

ఆ హాలు మొహం మేం ఎన్నడూ చూడలేదు. అక్కడ పెళ్లి చేసి మమ్మల్ని పిలిచేటంతటి చుట్టాలు మాకు లేరు. కొడుకును అటు రమ్మని చెప్పి, నేను షేర్ ఆటో ఎక్కాను. ఒళ్లో నోట్‌బుక్కు, చేతిలో ఆయనకోసం ప్లాస్కులో చక్కెర లేని చాయ్. ఆటో ఆగిన ప్రతిచోటా రోడ్డు పక్కన మనుషులు గుమిగూడారేమో అని చూశాను. గుమిగూడి లేరంటే మంచిదే అనుకున్నాను. మళ్లీ, పొద్దున్నే జరిగింది కదా, ఈపాటికి తీసేసి ఉంటారేమో అనుకున్నాను. మనసుకు పని చెప్పకపోతే అది ఇట్లాంటి పనులే చేస్తుంది.

ఆషాఢం కాబట్టి హాలులో పెళ్లిళ్లు లేవు. గేటు సగం తెరిచి ఉంది. లోపల మెట్ల మీద మా ఆయన గొంతుక్కూర్చుని, చొక్కా తడిసి, గుడ్డతో మూడో మెట్టు రుద్దుతున్నాడు. పక్కన వాచ్‌మన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, వాచ్‌మన్ పెండ్లాం చీపురు పట్టుకుని చూస్తోంది. నన్ను చూడగానే వాచ్‌మన్ మొదలుపెట్టాడు. "అవ్వా, ఈ తాత నీ మనిషేనా? చీకటితోని వచ్చి మెట్లు కడుగుతుండు. ఎవరు పంపిన్రు అంటే చేప పంపిందంటుండు."

"ఏమయ్యా, నీకు సోయి ఉన్నదా? ఎనిమిదింటికి దవాఖానా. ఇంట్ల అందరి పానాలు తీసినవు" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "లొల్లి జేయకు. సీసల నీళ్లు ఒడిసినయి. జర ఆ మగ్గు అందుకో."

కుళాయి దగ్గర వాచ్‌మన్ బకెట్టు, అందులో మగ్గు ఉన్నాయి. షెడ్డులో రోజుకు నూరుసార్లు అన్న మాట అది. నేను మగ్గు ముంచాను, ముంచినదాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఆ రోజు కూడా ఇట్లాగే ముంచాను కదా. ఆయనకు నా సంగతి అర్థమైంది. "పొయ్యి. నీ నీళ్లతోని ఏం కాలే. నడిపింది నా చెయ్యి" అన్నాడు. ఇరవై మూడేళ్లకు అన్న మాట. "జరపమని ఒక్కసారే అన్న. రెండోసారి అనకపోతి" అన్నాను. "సేటు ఇంటుండెనా? పొయ్యి" అన్నాడు.

పోశాను. పెళ్లివాళ్ల చెప్పులు తొక్కి తొక్కి పాలిష్ అంతా పోయిన మెట్టు, దుమ్ము రంగులో ఉన్నది, నీళ్లు పడగానే నల్లబడింది. చదును తల వచ్చింది. చారలు వచ్చాయి. ఆయన వేలితో తడిమి, "కన్ను కనబడుతున్నదా?" అని అడిగాడు. ముక్కు రాయికి ఆనేటంత వంగినా ఆయనకు కనబడటం లేదు. నేను కూర్చుని చూశాను. నల్లటి చుక్క, చుట్టూ వెంట్రుకంత తెల్ల గీత.

"ఉన్నది" అన్నాను.

"ఎట్లున్నది?"

"తెరిచే ఉన్నది."

"చేపకు రెప్పలుంటయానే, మూసుకునేటందుకు" అని నవ్వాడు. అప్పుడు సంచిలోంచి తోక తీసి, మెట్టు కుడి కొసకు ఆనుకుని ఉన్న మొక్కల పాదు మట్టిలో, తలకు తోక ఆనేటట్టు పెట్టాడు. చార చారకు కలిసింది. అంతా కలిసింది గానీ, నడుము దగ్గర చిన్న ఎడం. ఒక గీత కిందికీ ఒక గీత పైకీ పోయింది. ఆయన తోకను దగ్గరికి నెట్టాడు, రాయి రాయికి తగిలింది, అయినా గీతలు కలవలేదు. ఒక కోత పనివాడికి ఇది తెలియనిది కాదు. "నడుమ బ్లేడు తిన్నదమ్మా. అది పొడయి నీళ్లల్ల పోయింది. అది రాదు" అన్నాడు, నాతో కాదు, వాచ్‌మన్ పెండ్లాంతో. ఆమె చీపురు పక్కన పెట్టి వంగి చూసి, "అరె, కొర్రమట్టే" అంది. వాచ్‌మన్ కూడా వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఇది ఈడ్నే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు మా ఆయన.

"మా సేటు సూస్తే నన్ను బయట పారేస్తడు తాతా."

"నీ సేటు ఎన్నడన్న కిందికి సూసి నడిసిండా?" అంది పెండ్లాం. చేత్తోనే మట్టి ఎగదోసి, తోక కదలకుండా చుట్టూ నొక్కింది. మా ఆయన ఆ మట్టి చేతులతోనే దండం పెట్టాడు. ఏమని మొక్కాడో నేను అడగలేదు. ఆ లోపల కొడుకు బండి గేట్లోకి వచ్చింది. తండ్రిని తిడదామని నోరు తెరిచి, నీళ్లలో చేపను చూసి, ఆగి, "టైమైతుంది నాయినా" అని మాత్రం అన్నాడు.

దవాఖానా చేరేసరికి ఎనిమిది దాటి ఇరవై నిమిషాలు. నర్సు గట్టిగానే కోప్పడింది, నేను మాటలు పడ్డాను. గోళ్లలో మట్టేమిటని అడిగితే చెప్పడానికి నాకు ఓపిక లేక, పొలం పని అన్నాను. బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ నా సంతకమే కళ్ల ముందు ఆడింది. అందులో ఒక అక్షరం వంకరగా పడింది, అది అపశకునమేమో అని కూడా అనుకున్నాను. ఇంత చదువుకుని కూడా.

తెల్లారి పట్టీ తీశారు. డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. మా ఆయన లెక్క చెప్పకుండా గది చుట్టూ చూశాడు, నా వైపు చూశాడు. "తడపని రాయి లెక్క ఉన్నది సారూ. ఉన్నదంత ఉన్నది, పైకి వస్తలేదు" అన్నాడు. డాక్టరుకు అర్థం కాలేదు. చూపు మెల్లగా, నెలల మీద, కొంచెం కొంచెంగా తేలింది. పేపరు చదవలేడు, అది ముందూ చదివేవాడు కాదు. రోడ్డు దాటుతాడు, చాయ్‌లో ఈగ పడితే చూస్తాడు, భీమవరం ఆవిడ రొయ్య అన్నదాన్ని కాకి అని మళ్లీ వాదిస్తాడు. డాక్టరు చెయ్యి మంచిదని నేనంటాను. ఆయన ఉప్పల్ దిక్కు చెయ్యి చూపిస్తాడు. పొయ్యి ముందర కూర్చుని దీని మీద ఇంకా తగువు పడుతూనే ఉన్నాం, తేలదు.

అర మీది మచ్చకు రేపు రంగు వేస్తారు. వేయనీ. ఆ గురువారం పొద్దున ఆ మెట్ల దగ్గర ఎవరెవరు ఉన్నారో మాత్రం రాసి పెడతాను, తరవాత ఎవరూ తలకిందులు చేయకుండా: మా ఆయన, నేను, ఆలస్యంగా వచ్చిన మా కొడుకు, ఇంట్లోనే ఉన్నా దారి చూపించింది కాబట్టి మా కోడలు, వాచ్‌మన్, పేరు అడగడం మరిచిపోయిన అతని పెండ్లాం, తలా తోకా ఒక్కచోట చేరిన కొర్రమీను, దాని నడుము దగ్గర, బ్లేడు తిన్నంత సందులో, మా ఇరవై మూడేళ్లు.